గెర్కిన్ ఎగుమతి ఒప్పందం: పురుగుమందులు తగ్గించే పనిలో కంపెనీ వాటా ఎంత ఉండాలి?

కుప్పం రైతు సంస్థ కార్యదర్శి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం.

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో గెర్కిన్ దోస (ఊరవేసి విదేశాలకు పంపే చిన్న దోసకాయ) పండించే చిన్న రైతుల ఉత్పత్తిదారుల సంస్థ తరఫున ఈ ప్రశ్న రాస్తున్నాను. మా సభ్యుల్లో చాలామందిది ఎకరం లోపు సాగు. విత్తనం, ఎరువులు, పురుగుమందులు కంపెనీయే అప్పు మీద ఇస్తుంది. కోసిన కాయను ఏ రోజుకారోజు ఊళ్లోని సేకరణ కేంద్రానికి చేరిస్తే, కిలోకు ఎన్ని కాయలు తూగుతాయన్న లెక్కన గ్రేడు కట్టి, అప్పు మినహాయించుకుని మిగిలిన సొమ్ము రైతు ఖాతాలో వేస్తుంది. ఈ కాయను మన సంతల్లో కొనేవారు లేరు గనుక, కంపెనీ తీసుకోనిది పశువుల ముందుకో గట్టు మీదికో పోవలసిందే.

వచ్చే పంటకు ఆ కంపెనీ కొత్త ఒప్పందం ముసాయిదా ఇచ్చింది. యూరప్‌లోని కొనుగోలుదారులు పురుగుమందుల అవశేషాల విషయంలో పట్టు బిగించారని, అందువల్ల ప్రతి పొలానికీ ఒక సంఖ్య ఇచ్చి, పిచికారీల వివరాలన్నీ పుస్తకంలో రాయించి, కోత మొదలయ్యే ముందు నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతామని అందులో ఉంది. వాడకూడని మందుల జాబితా విడిగా జతపరిచారు. పరీక్షలో నెగ్గని పొలం కాయను ఆ పంటకాలమంతా తీసుకోబోమని, అయినా ఇచ్చిన అప్పు మాత్రం రైతు తీర్చవలసిందేనని మరో షరతు ఉంది. కొనుగోలు ధరలో ఏ మార్పూ లేదు. పరీక్ష ఖర్చు ఎవరిదో ఎక్కడా రాయలేదు.

మందులు తగ్గించడానికి మా సభ్యులకు అభ్యంతరం లేదు. పెట్టుబడిలో అది పెద్ద పద్దు. పైగా కాయ కోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే కాబట్టి, ముందురోజు మందు కొట్టిన తీగల మధ్య పొద్దున్నే వంగి కోసే ఇబ్బంది ఎలాంటిదో మా ఇళ్లలో అందరికీ తెలుసు. కానీ రోజూ కోసే పంటలో మందు కొట్టిన తర్వాత పది రోజులు ఆగి కోయమంటే అది జరిగే పనేనా? తెగులు ఉద్ధృతంగా వచ్చినప్పుడు కంపెనీ నుంచి ఏ సాయం ఆశించవచ్చు? ఈ ఒప్పందంలో మేము ఏమేమి చేర్చమని అడగాలి? ఇతర ఎగుమతి పంటల్లో రైతులు, కంపెనీలు, విదేశీ కొనుగోలుదారులు కలిసి ఈ పనిని ఎలా నడిపించారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పూర్వ క్షేత్రాధికారి

కార్యదర్శి గారికి నమస్కారం. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దు మండలాల్లో గెర్కిన్ పంట మీద క్షేత్రస్థాయిలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా పరిమితి ఎంత కఠినమైనదో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒక మందుకు యూరోపియన్ యూనియన్ ప్రత్యేకంగా పరిమితి ఏదీ నిర్ణయించకపోతే, కిలో కాయలో 0.01 మిల్లీగ్రాముకు మించి ఆ మందు ఉండకూడదు. అంటే వంద టన్నుల కాయలో ఒక గ్రాము. క్లోరిపైరిఫాస్‌కు అక్కడ 2020లో అనుమతి ముగిసి, అదే ఏడాది చివరికి దాని పరిమితిని కూడా ఈ స్థాయికే దించారు. ఎకరాకు నాలుగు టన్నుల దిగుబడి అనుకుంటే, ఆ మొత్తం కాయలో కలిపి 40 మిల్లీగ్రాములు దాటకూడదన్న మాట. అదే మందు 20 శాతం ద్రావణం అర లీటరు కొడితే, అందులో అసలు రసాయనం సుమారు వంద గ్రాములు ఉంటుంది. కాబట్టి ఇటువంటి మందును కొంచెం తగ్గించి కొట్టడం అనే మార్గం లేదు, పూర్తిగా మానవలసిందే. పక్క పొలంలో టమాటాకు కొట్టిన మందు గాలికి వచ్చి పడినా, అద్దెకు తెచ్చిన పవర్ స్ప్రేయర్ గొట్టంలో నిన్నటి మందు మిగిలి ఉన్నా పరీక్షలో బయటపడుతుంది.

రెండో చిక్కు, కొట్టిన మందు ఒకటైతే ప్రయోగశాల చూపించే పేరు మరొకటి కావడం. అసిఫేట్ మొక్కలో విడిపోయి మెథామిడోఫాస్‌గా మారుతుంది. డైమిథోయేట్ నుంచి ఒమెథోయేట్ వస్తుంది. థయోఫానేట్ మిథైల్ కొట్టిన రైతు కాయలో కార్బెండజిమ్ కనిపిస్తుంది. అది తాను కొట్టనే లేదని రైతు ప్రమాణం చేస్తాడు, అబద్ధం చెబుతున్నాడని కంపెనీ అనుకుంటుంది. ఇద్దరూ నిజాయితీపరులే అయినా మాట చెడుతుంది. అందుకే వాడకూడని మందుల జాబితా కన్నా, ఏ పురుగుకు, పంట ఏ దశలో, ఏ మందు వాడవచ్చో చెప్పే పట్టిక అడగండి. ఆ పట్టికలో లేనిది ఏదైనా వాడకూడనిదే అవుతుంది. గెర్కిన్ పంట పేరు లేబుల్ మీద ఉన్న మందులు మన దేశంలో చాలా తక్కువ గనుక, ఈ పట్టిక తయారు చేయడం రైతు వల్ల గాని, దుకాణదారు వల్ల గాని అయ్యే పని కాదు.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. విత్తిన నెల, నెల పైచిలుకుకు కోత మొదలవుతుంది. అక్కడి నుంచి కాయను ఒక్కరోజు వదిలేసినా గ్రేడు దాటిపోతుంది. పది రోజులు ఆగమనడం ఈ పంటలో అర్థం లేని మాట. ఆచరణలో పనిచేసేది పంటకాలాన్ని రెండుగా విడగొట్టడమే. పూత, పిందె రాకముందు, నిజంగా అవసరం పడితే, పట్టికలోని రసాయనాలు వాడుకోవచ్చు. కోత మొదలైన తర్వాత వేప ఆధారిత మందులు, కాయ తొలిచే గొంగళిపురుగుకు బీటీ అనే బాక్టీరియా మందు, తెగుళ్లకు బాసిల్లస్, సూడోమోనాస్ వంటి జీవ శిలీంద్రనాశకాలు, కొట్టాక కోతకు ఆగవలసిన విరామం బాగా తక్కువగా ఉన్న ఒకటి రెండు మందులు మాత్రమే వాడాలి. గంధకం బూడిద తెగులుకు మంచిదే గాని, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు దోసజాతి ఆకు మాడుతుంది. ఆ జాగ్రత్త చెప్పకుండా ఇచ్చేవారు ఉన్నారు.

మొదటి నెలలో రైతులు అలవాటుగా కొట్టేదాంట్లో చాలా భాగం అనవసరం. ఆకు మీద పాముపొడ గీతలు కనిపించగానే మందు కొడతారు. ఆ పురుగు ఆకును తొలుస్తుందే తప్ప కాయను ముట్టదు, కొద్దిపాటి గీతల వల్ల దిగుబడి తగ్గదు. పైగా గెర్కిన్‌లో తేనెటీగల పరాగసంపర్కం మీద ఆధారపడే రకాలు ఉన్నాయి. ఉదయం పూట పురుగుమందు కొడితే ఈగలు రావు, కాయ వంకర పోతుంది, వంకర కాయకు గ్రేడు పడిపోతుంది. పిచికారీ తగ్గించిన పొలంలో వంకర కాయ తగ్గిందని రైతుకు తూకం దగ్గర చూపించగలిగితే, శిక్షణ తరగతుల్లో చెప్పే పాఠం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

పండు ఈగ సంగతి వేరు. దీనికి ఎర బుట్టలు మంచి సాధనం, కానీ రెండు నియమాలు పాటించాలి. మామిడి తోటలకు వాడే మిథైల్ యూజినాల్ ఎరకు దోసజాతి పండు ఈగ రాదు. దానికి క్యూ లూర్ ఎర కావాలి. దుకాణంలో పండు ఈగ బుట్ట అని అడిగితే ఏది ఉంటే అది ఇస్తారు. రెండోది, ఒక్క రైతు బుట్టలు పెడితే చుట్టుపక్కల పొలాల ఈగలు వస్తూనే ఉంటాయి. ఊరంతా ఒకేసారి పెట్టాలి. గ్రేడు దాటిన కాయను కంపెనీ తీసుకోదు కాబట్టి రైతు గట్టు మీద పారేస్తాడు, ఈగ అందులోనే గుడ్లు పెట్టి పెరుగుతుంది. కంపెనీ కొనుగోలు నియమమే పొలంలో పురుగును పెంచుతోందని నేను అంటే చాలామందికి నచ్చదు గాని, జరుగుతున్నది అదే. పెద్ద కాయను నామమాత్రపు ధరకైనా తీసుకుని పోవాలని, లేదా ఊరికి ఒక గొయ్యి తవ్వి పూడ్పించే ఖర్చు భరించాలని అడగండి.

బూజు తెగులు తట్టుకునే రకం ఇస్తారా అన్నది కూడా అడిగి తీరాలి. విత్తనం ఎంచేది కంపెనీ. వాళ్లు ఎంచిన రకానికి బూజు తెగులు తేలిగ్గా వస్తే, శిలీంద్రనాశిని ఎందుకు కొట్టావని రైతును అడగడం న్యాయం కాదు.

ఇంకొక్క మాట. అప్పు మీద మందు ఇచ్చే చేయి, మందు తగ్గించమని చెప్పే నోరు ఒకే మనిషివి అయితే పని జరగదు. క్షేత్ర సిబ్బంది జీతంలో ఏ భాగమైనా మందుల అమ్మకంతో ముడిపడి ఉందేమో తెలుసుకోండి. ఉంటే, మిగతా షరతులు ఎంత బాగా రాసినా ఉపయోగం తక్కువ.

ద్రాక్ష ప్యాక్‌హౌస్ నాణ్యత విభాగం

నేను మహారాష్ట్రలో ఎగుమతి ద్రాక్ష ప్యాక్‌హౌస్‌లో పనిచేస్తున్న తెలుగువాడిని. ద్రాక్ష కూరగాయ కాకపోయినా, అవశేషాల విషయంలో మన దేశంలో రైతు, ఎగుమతిదారు, ప్రయోగశాల, ప్రభుత్వం కలిసి నడిపిన వ్యవస్థల్లో బాగా పాతది ఇదే కాబట్టి చెబుతున్నాను.

2003లో మన ద్రాక్షలో అవశేషాలు కనిపించి యూరప్‌లో ఇబ్బంది ఎదురైన తర్వాత, అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆధ్వర్యంలో అవశేషాల పర్యవేక్షణ ప్రణాళిక మొదలైంది. పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రాన్ని దానికి ప్రధాన ప్రయోగశాలగా పెట్టారు. 2006-07 నుంచి గ్రేప్‌నెట్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ప్రతి తోటకూ నమోదు సంఖ్య ఉంది. కోతకు ముందు ప్రయోగశాల మనిషే తోటకు వచ్చి నమూనా తీస్తాడు. రైతు గాని, ఎగుమతిదారు గాని తీసి పంపిన నమూనా చెల్లదు. ఫలితం పరిమితి దాటితే ఆ తోటకు అంతర్గత హెచ్చరిక పడుతుంది, తిరిగి పరీక్షలో నెగ్గేవరకు అక్కడి పండు ప్యాక్‌హౌస్ గుమ్మం దాటి లోపలికి రాదు. తర్వాత ఇదే పద్ధతిని బెండ వంటి కూరగాయలకూ విస్తరించారు.

ఈ వ్యవస్థలో మీకు పనికొచ్చే అంశం ఒకటుంది. ఇక్కడ తప్పిన తోటకు మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు ఉంటుంది. మందు అవశేషం ఎండకు, వానకు, కాలానికి తగ్గుతుంది. మీ ముసాయిదాలో ఒక్కసారి తప్పితే పంటకాలమంతా తీసుకోబోమన్న షరతుకు శాస్త్రీయమైన ఆధారం లేదు. మీ పంటలో కాయ రోజూ కొత్తగా వస్తుంది గనుక, ఈ వారం తప్పిన పొలం రెండు వారాల తర్వాత నెగ్గవచ్చు. ఆ రెండు వారాల కాయ నష్టం ఎవరిదన్నది మాట్లాడుకోవలసిన విషయం.

రెండో అనుభవం 2010 నాటిది. ఆ ఏడాది మన ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే పెరుగుదల నియంత్రకం పరిమితికి మించి ఉందని యూరప్‌లో సరుకు ఆపేశారు. అప్పటి మన పరీక్షల జాబితాలో ఆ రసాయనం లేదు. జాబితా ప్రకారం అన్నీ సరిగ్గా చేసిన రైతులు, ఎగుమతిదారులు కూడా నష్టపోయారు. కాబట్టి కంపెనీ మీకు ఇచ్చే జాబితా ఏ తేదీ నాటిది, యూరప్‌లో పరిమితి మారితే మీకు ఎన్ని రోజుల్లో తెలియజేస్తారు, విత్తిన తర్వాత జాబితా మారితే అప్పటికే కొట్టిన మందు బాధ్యత ఎవరిది అన్న మూడు సంగతులు కాగితం మీద ఉండాలి.

అయితే ద్రాక్ష పద్ధతిని ఉన్నదున్నట్టు మీరు తెచ్చుకోలేరు. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ చెప్పిన లెక్క ప్రకారం గెర్కిన్‌ను దేశంలో సుమారు 90 వేల మంది చిన్న, సన్నకారు రైతులు 65 వేల ఎకరాల్లో ఒప్పంద సేద్యంగా పండిస్తున్నారు. అంటే సగటున ఒక్కొక్కరికి ముప్పావు ఎకరం కూడా లేదు. అదే లెక్కలో ఎకరాకు రైతు రాబడి సుమారు 80 వేలు, ఖర్చులు పోగా మిగిలేది 40 వేలు. వందల మందులను ఒకేసారి వెతికే పరీక్షకు గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నమూనాకు వేల రూపాయలు అవుతుంది. పొలానికొక పరీక్ష అంటే రైతు మిగులులో చెప్పుకోదగ్గ భాగం అందులోకే పోతుంది. ఒకే పట్టిక, ఒకే పిచికారీ వరస పాటించే పది, పదిహేను పొలాలను ఒక గుంపుగా చేసి, గుంపుకొక నమూనా తీయడమే మీకు సరిపడే మార్గం.

మడకశిర రైతు

పై ఇద్దరు పెద్దలు చెప్పినవి బాగున్నాయి గాని, క్షేత్రంలో జరిగేది కొంత చెప్పాలి.

జీవ మందులు వాడమంటున్నారు. మన రెండు రాష్ట్రాల్లో బయో మందుల పేరుతో దుకాణాల్లో అమ్మేవాటిలో కొన్నింటిలో రసాయన మందు కలిపి ఉంటుందన్నది మిరప, పత్తి రైతుల్లో తెలియనివారు లేని విషయం. సీసా మీద సముద్రపు నాచు అనో, మూలికల సారం అనో ఉంటుంది. కొట్టిన మర్నాటికే పురుగు రాలిపోతుంది. నిజమైన వేప మందు అలా పనిచేయదు. ఆ సీసా లోపల ఉన్నది ఏమిటో ప్రయోగశాల చెబుతుంది, కానీ శిక్ష పడేది రైతుకు. పుస్తకంలో మాత్రం వేప మందు కొట్టానని నిజాయితీగానే రాసి ఉంటాడు. అందువల్ల జీవ మందులను కంపెనీయే తెచ్చి, ప్రతి బ్యాచ్ నుంచి ఒక నమూనా పరీక్షించి, ఒక సీసాను సీలు వేసి రైతు సంస్థ దగ్గర ఉంచాలని అడగండి. వివాదం వచ్చినప్పుడు ఆ సీసాను తెరిచి చూసుకోవచ్చు. ఇదొక్కటి సాధించినా చాలా గొడవలు తప్పుతాయి.

మందులు లేకుండా సాగు చేయడం మన రైతుకు కొత్త కాదు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల, ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఏనబావి దాదాపు ఇరవై ఏళ్ల కిందటే పురుగుమందులు మానేసిన ఊళ్లుగా పేరు తెచ్చుకున్నాయి. అక్కడ పని జరిగింది ఊరంతా ఒక మాట మీద నిలబడటం వల్ల. పునుకుల ప్రధానంగా పత్తి, మిరప పంటల ఊరు, ఎగుమతి కూరగాయలకు అది అచ్చంగా వర్తించదని తెలుసు. నా మాటల్లా ఊరికి సంబంధించినది: మీ సభ్యుల పొలాల మధ్య సభ్యులు కానివారి పొలాలు ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. గట్టు చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గాని మొక్కజొన్న గాని దగ్గరగా వేస్తే, తామర పురుగులు, తెల్లదోమ రాకకు కొంత అడ్డు, పక్కవాడి మందు తుంపరకూ కొంత అడ్డు.

సహకారం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒక అనుమానం. రాతకోతలు, పరీక్షలు, సర్టిఫికెట్లు పెరిగేకొద్దీ కంపెనీకి వందమంది అరెకరం రైతుల కన్నా ఐదుగురు పదెకరాల రైతులు సులువవుతారు. దీనికి ఎవరైనా సమాధానం చెబుతారా?

నెదర్లాండ్స్ నుంచి

నేను నెదర్లాండ్స్‌లో కూరగాయల దిగుమతి రంగంలో నాణ్యత పరీక్షల పని చూస్తున్నాను. మడకశిర రైతు గారి అనుమానం నిజమైన అనుమానమే. కెన్యా నుంచి వచ్చే చిక్కుడు, బఠాణీ కాయల మీద 2013 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ సరిహద్దు తనిఖీలను పది శాతానికి పెంచింది. ముఖ్య కారణం డైమిథోయేట్ అవశేషాలు. అక్కడ చాలామంది చిన్న రైతులు ఎగుమతి పంటలకు దూరమయ్యారు, ఎగుమతిదారులు సొంత పొలాలకు, పెద్ద కమతాలకు మళ్లారు. చిన్న రైతుల్లో నిలబడినవారు ఎక్కువగా సంఘంగా ఉన్నవారు. గ్లోబల్ గ్యాప్ అనే మంచి సాగు పద్ధతుల సర్టిఫికెట్ నియమాల్లో కూడా రైతుల గుంపుకు ఒకే సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. సంస్థ తన సభ్యులందరినీ తానే తనిఖీ చేసుకుంటుంది, బయటి తనిఖీదారు సభ్యుల సంఖ్యకు వర్గమూలం లెక్కన కొందరి పొలాలు చూస్తాడు. వందమంది సభ్యులుంటే పది పొలాలన్న మాట. ఆ సర్టిఫికెట్ రైతు సంస్థ పేరున తీసుకున్నారా, కంపెనీ పేరున తీసుకున్నారా అన్నది చాలా ముఖ్యం. కంపెనీ పేరున ఉంటే, రేపు మీరు వేరే కొనుగోలుదారు దగ్గరికి వెళ్లినప్పుడు అది మీ వెంట రాదు.

ఇక్కడి దుకాణాల వైఖరి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మీ కంపెనీ మీద ఒత్తిడి అక్కడి నుంచే మొదలవుతుంది. చట్టం ఒక పరిమితి పెడితే, జర్మనీలోని కొన్ని సూపర్‌మార్కెట్లు అందులో మూడో వంతే తమ పరిమితి అంటాయి. కాయలో కనిపించే మందుల సంఖ్య కూడా నాలుగో ఐదో దాటకూడదని షరతు పెడతాయి. వినడానికి ఇది మందులు తగ్గించే షరతే. ఆచరణలో, సంఖ్య తగ్గించడం కోసం ఒకే మందును మళ్లీ మళ్లీ కొడతారు, పురుగు దానికి అలవాటు పడుతుంది, మరుసటి ఏడాది మోతాదు పెరుగుతుంది. మందులను మార్చి మార్చి వాడమని శాస్త్రవేత్తలు చెప్పే సలహాకు ఇది నేరుగా ఎదురు. నా అభిప్రాయంలో ఈ సంఖ్య షరతు వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. మీ కంపెనీ చూపించిన షరతుల్లో చట్టం పెట్టినది ఏది, దుకాణం అదనంగా కోరినది ఏది అని విడదీసి అడగండి. అదనంగా కోరినదానికి అదనపు ధర అడగడంలో తప్పు లేదు.

కలిసి పనిచేస్తే ఏమవుతుందో చూడాలంటే స్పెయిన్‌లోని అల్మెరియా మంచి ఉదాహరణ. అక్కడ సుమారు 30 వేల హెక్టార్లు ప్లాస్టిక్ కప్పుల కింద కూరగాయలు పండుతాయి. 2006 చివర్లో అక్కడి క్యాప్సికంలో ఐసోఫెన్‌ఫాస్ మిథైల్ అనే అనుమతి లేని మందు ఉందని జర్మనీలో బయటపడింది. గిరాకీ పడిపోయింది. ఆ తర్వాత రెండు మూడు పంటకాలాల్లోనే క్యాప్సికం సాగు దాదాపు మొత్తం మిత్రపురుగుల మీదికి మారింది. తామర పురుగును, తెల్లదోమ గుడ్లను తినే స్విర్స్కీ అనే మిత్ర నల్లి, ఓరియస్ అనే మరో మిత్రపురుగు అక్కడి పొలాల్లో వదులుతారు.

భయం ఒక్కటే ఇంత మార్పు తెచ్చిందని అనుకోకూడదు. అక్కడ తామర పురుగు అప్పటికే మందులకు లొంగడం మానేసింది, కాబట్టి పాత పద్ధతి ఎలాగూ చేతులెత్తేసే దశలో ఉంది. స్విర్స్కీ నల్లి అంతకు కొద్దికాలం ముందే మార్కెట్‌లోకి వచ్చింది. రైతుల సహకార సంఘాలకు సొంత సాంకేతిక సిబ్బంది ఉన్నారు. వారం వారం పొలానికి వచ్చి ఆకు తిప్పి చూసి, మందు కొట్టాలో వద్దో చెప్పేది వారే. ప్రాంతీయ ప్రభుత్వం మిత్రపురుగుల ఖర్చులో కొంత భరించింది. ఇవన్నీ ఒకే సమయంలో కుదిరాయి. కప్పు కింద పెట్టిన మిత్రపురుగు అక్కడే ఉంటుంది, మీ ఆరుబయట పొలంలో నిలవదు గనుక ఆ పురుగులను తెచ్చి వదలమని నేను చెప్పను. మీరు తీసుకోవలసింది ఆ సిబ్బంది ఏర్పాటు. సలహా చెప్పే మనిషికి జీతం ఇచ్చేది రైతు సంస్థ కావాలి, కనీసం సగమైనా.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2014లో మన దేశానికి రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. పండు ఈగ వంటి పురుగులు కనిపించాయని యూరోపియన్ యూనియన్ మన మామిడిని, కాకర, వంకాయ, పొట్ల, చేమలను ఆపింది. మందుల అవశేషాలు ఎక్కువగా ఉన్నాయని సౌదీ అరేబియా మన పచ్చిమిర్చిని ఆపింది. పురుగూ ఉండకూడదు, మందూ ఉండకూడదు. వినెగర్‌లోనో ఉప్పునీటిలోనో ఊరవేసి పంపే గెర్కిన్‌కు మొదటి గొడవ పెద్దగా లేదు, అది మీ అదృష్టం. అయితే ఊరవేసే ముందు కడిగినంత మాత్రాన మొక్క లోపలికి పాకే అంతర్వాహిక మందులు పోవు.

కుప్పం రైతు సంస్థ కార్యదర్శి

ఇంత ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. మా సంస్థ సమావేశంలో ఈ సమాధానాలు చదివి వినిపించాను. సీలు వేసిన సీసా, గుంపుకొక నమూనా, రెండోసారి పరీక్ష అన్నవి సభ్యులందరూ ఒప్పుకున్నారు. సొంతంగా ఒక సలహాదారును పెట్టుకోవడానికి కిలోకు కొన్ని పైసలు మినహాయించుకుందామన్న ప్రతిపాదన మీద మాత్రం వాదన జరిగింది, ఇంకా తేలలేదు.

ఒక సందేహం మిగిలింది. గుంపుకొక నమూనా అన్నప్పుడు, ఒక్క రైతు చాటుగా కొట్టిన మందు వల్ల గుంపులోని అందరి కాయ ఆగిపోతే ఎలా? తమ తప్పు లేకుండా నష్టపోయిన మిగతావారికి మేము ఏమి సమాధానం చెప్పాలి? కొందరు సభ్యులు ఈ భయంతోనే గుంపు పద్ధతి వద్దంటున్నారు.

పూర్వ క్షేత్రాధికారి

వారి భయం సరైనదే. కానీ ఇప్పుడున్న పద్ధతిలో కూడా ఆ ప్రమాదం ఉంది, కనిపించడం లేదంతే. సేకరణ కేంద్రంలో ఊరందరి కాయ గ్రేడులవారీగా ఒకే కుప్పలో కలిసి, ఫ్యాక్టరీలో ఒకే పీపాలోకి పోతుంది. అక్కడ తప్పితే ఎవరి పొలమో తేలదు. కంపెనీ ఆ నష్టాన్ని ఏదో ఒక రూపంలో ఊరంతటి మీదా వేస్తుంది, లేదా ఆ ఊరిని వదిలి వేరే ఊరికి పోతుంది. గుంపు పద్ధతిలో కనీసం పది మంది దగ్గరికి విషయం కుదించబడుతుంది.

చేయవలసింది ఇది. నమూనా తీసేటప్పుడు ప్రతి పొలం నుంచి రెండు భాగాలు తీయాలి. ఒక భాగం గుంపు నమూనాలో కలుస్తుంది. రెండో భాగం రైతు సంతకంతో, పొలం సంఖ్యతో విడిగా సంచిలో కట్టి ఫ్యాక్టరీ శీతల గదిలో గడ్డకట్టించి ఉంచాలి. గుంపు నమూనా నెగ్గితే ఆ సంచులు పారేయవచ్చు. తప్పితే వాటిని విడివిడిగా, ముందుగా అనుమానం ఉన్న మందు ఒక్కదాని కోసమే పరీక్షిస్తే ఖర్చు తగ్గుతుంది, ఏ పొలమో రెండు మూడు రోజుల్లో తేలుతుంది. పది పొలాలు కలిపినప్పుడు ఒక్కరి అవశేషం పదో వంతుకు పలచబడి కనిపిస్తుందని గుర్తుంచుకోండి. కాబట్టి గుంపు నమూనాకు నిర్ణయించే హద్దు ఒక్క పొలానికి ఉన్న హద్దు కన్నా బాగా తక్కువగా ఉండాలి. ప్రయోగశాల ఎంత తక్కువ మోతాదు వరకు నమ్మకంగా కొలవగలదో దాన్నిబట్టి గుంపులో పొలాల సంఖ్య నిర్ణయించుకోవాలి. 0.01 మిల్లీగ్రామే హద్దుగా ఉన్న మందులకు ఈ పలచబడటం పెద్ద ఇబ్బంది. ఆ మందుల విషయంలో ద్రాక్ష విభాగం వారు చెప్పిన పది, పదిహేను కాకుండా నాలుగైదు పొలాల చిన్న గుంపులు పెట్టుకోవడం మంచిది.

ఫలితం తేలేవరకు మిగతావారి కాయ ఎవరు కొనాలన్న ప్రశ్నకు నా సమాధానం, కంపెనీయే కొనాలి. విడిగా పీపాల్లో ఊరవేసి, గుంపు సంఖ్య రాసి పక్కన పెట్టుకునే సదుపాయం వారికి ఉంది. ఊరవేసిన కాయ నెలల తరబడి నిలవ ఉంటుంది. రైతు దగ్గర కాయ ఒక్కరోజు కూడా ఆగదు. ఆగగలిగినవారే ఆగాలని వారితో సూటిగా అనండి. విడి పరీక్షలో నెగ్గిన పొలాల కాయకు పూర్తి ధర చెల్లించాలి. తప్పిన పొలం రైతు పట్టికలో లేని మందు కొట్టినట్టు తేలితే ఆ నష్టం అతనిదే, అందులో మొహమాటం అక్కర్లేదు. పట్టిక ప్రకారమే చేసినా తప్పితే, ఆ పొలం కాయ నష్టం, అప్పు బాకీ రెండూ కంపెనీవి. ఈ రెండు సందర్భాలను విడదీయడానికి పిచికారీ పుస్తకం, కంపెనీ ఇచ్చిన మందుల రసీదులు, సీలు వేసిన సీసా మూడూ సాక్ష్యాలు అవుతాయి.

పరీక్ష ఖర్చు విషయానికి వస్తే, మొదటి గుంపు పరీక్ష కంపెనీది, తప్పిన తర్వాత విడి పరీక్షలు సగం సగం, తప్పు తేలిన రైతు మళ్లీ నమూనా ఇవ్వాలనుకుంటే ఆ ఖర్చు అతనిది అన్న ఏర్పాటుకు కంపెనీలు ఒప్పుకునే అవకాశం ఉంది. ధర పెంచమని మాత్రమే అడిగితే కిలోకు పావలా పెంచి ముసాయిదా అలాగే ఉంచుతారు, కాబట్టి ముందు ఈ షరతుల మీద కూర్చోండి. విత్తనం పంపిణీకి ముందే, అంటే కంపెనీకి మీ విస్తీర్ణం లెక్క అవసరమైన వారాల్లోనే ఈ చర్చ జరగాలి. సభ్యులెవరూ విడివిడిగా సంతకాలు పెట్టకుండా చూసుకోండి.